3,085 హిట్లు కొట్టిన హరిమోటో గురించి మనం ఎందుకు మాట్లాడుకోము?

స్కోరుపుస్తకం:
ఈ వేదికలో జపాన్ బేస్‌బాల్ అనగానే మూడు పేర్లే తిరుగుతున్నాయి: సదహారు ఓ, ఇచిరో, ఒటానీ. ముగ్గురూ మహానుభావులే, కాదనను. కానీ జపాన్ వృత్తి లీగుల్లో మూడు వేల హిట్లు దాటిన ఆటగాడు ఇప్పటిదాకా ఒక్కడే ఉన్నాడు. అతను ఆ ముగ్గురిలో లేడు. పేరు ఇసావో హరిమోటో, అవుట్‌ఫీల్డర్, ఎడమచేతి బ్యాటర్.

ముందు లెక్కలు పెడతాను. 1959 నుంచి 1981 వరకు 23 సీజన్లు, 2,752 మ్యాచ్‌లు, 3,085 హిట్లు, 504 హోమ్ రన్లు (బంతిని మైదానం కంచె దాటించిన దెబ్బలు), జట్టుకు తెచ్చిపెట్టిన పరుగులు 1,676, దొంగిలించిన బేసులు (సహచరుడి దెబ్బ కోసం ఆగకుండా పరుగెత్తి చేరుకున్నవి) 319, బ్యాటింగ్ సగటు 0.319. హిట్ల పట్టికలో రెండో స్థానంలో ఉన్న కత్సుయా నోమురా 2,901 దగ్గర ఆగాడు. సదహారు ఓ 2,786 దగ్గర ఆగాడు. సీజన్‌లో లీగు మొత్తంలో అత్యధిక సగటు సాధించినవాడికి దక్కే బ్యాటింగ్ టైటిల్ హరిమోటో ఏడుసార్లు గెలిచాడు: 1961లో ఒకటి, 1967 నుంచి 1970 వరకు వరుసగా నాలుగు, తర్వాత 1972, 1974. సగటు 0.300 పైన ఉంచి ముగించిన సీజన్లు 16.

మూడు వేల హిట్లు, 500 హోమ్ రన్లు, 300 బేసు దొంగతనాలు. ఈ మూడూ ఒకే మనిషి ఖాతాలో పడటం అమెరికా మేజర్ లీగ్ చరిత్ర మొత్తంలో ఇద్దరికే సాధ్యమైంది: విల్లీ మేస్, అలెక్స్ రోడ్రిగెజ్. జపాన్‌లో హరిమోటో తప్ప ఇంకెవరూ లేరు.

ఇవన్నీ కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు కాలి అతుక్కుపోయిన మనిషి సాధించినవి. జపాన్ లీగులు చూసిన బ్యాటర్లలో సదహారు ఓ పక్కన నిలబెట్టదగినవాడు ఇతనేనని నా గట్టి అభిప్రాయం. కాదనేవారు కూడా రాయండి, కారణాలతో రాయండి.

కొత్త_ప్రేక్షకుడు:
స్కోరుపుస్తకం గారూ, నేను క్రికెట్ మాత్రమే చూసి పెరిగినవాడిని. ఒటానీ పుణ్యమా అని ఈ మధ్యే బేస్‌బాల్ మొదలుపెట్టాను. 0.319 అంటే గొప్ప సగటా? పదిసార్లు బ్యాటింగ్‌కు వస్తే ఏడుసార్లు విఫలమైనట్టే కదా? ఇంకొకటి, చేతి వేళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పండి. ఏమైంది ఆయనకు?

కవాసాకి_వాసి:
సగటు సంగతి నేను చెబుతాను. బ్యాటర్ బంతిని కొట్టి, ఫీల్డర్ తప్పిదం వల్ల కాకుండా తన దెబ్బ బలంతోనే కనీసం మొదటి బేసుకు చేరితే అది హిట్టు. నడక (నాలుగు చెడ్డ బంతులు పడితే దొరికేది) ఇందులోకి రాదు. పిచర్ చేతిలో నుంచి బంతి బయలుదేరి మన దగ్గరకు చేరడానికి అర సెకను కూడా పట్టదు, ఎదురుగా ఏడుగురు ఫీల్డర్లు కాచుకుని ఉంటారు, గుండ్రటి బ్యాటుతో గుండ్రటి బంతిని కొట్టాలి. అందుకే పదికి మూడు హిట్లు కొట్టేవాడిని మంచి బ్యాటర్ అంటారు. ఒక సీజన్ 0.319 కొట్టడం బాగానే జరుగుతుంది. 23 ఏళ్ల మొత్తం మీద 0.319 దగ్గర నిలవడం వేరే సంగతి.

చేతి విషయం. హరిమోటో 1940లో హిరోషిమాలో పుట్టాడు. నాలుగేళ్ల వయసులో చలికాలం మంట దగ్గర కూర్చుని ఉండగా వెనక్కి వచ్చిన ట్రక్కు తగిలి నిప్పుల్లో పడ్డాడు. కుడిచేయి కాలిపోయింది. ఆ రెండు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని అలాగే ఉండిపోయాయి. పుట్టుకతో కుడిచేతి వాటమే, ఆ తర్వాత అన్నీ ఎడమ చేత్తో నేర్చుకున్నాడు.

ఇక్కడొక విషయం గమనించాలి. మా కంపెనీ జట్టు ఆదివారాలు తమగావా నది ఒడ్డు మైదానంలో రబ్బరు బంతితో ఆడుతుంది. నాకు బ్యాటు పట్టుకోవడం నేర్పిన జపనీస్ పెద్దాయన మొదట చెప్పిన మాట ఇదే: కింది చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు బిగించు, మిగతావి వదులుగా ఉంచు. బ్యాటు పిడి చివర గుబ్బను ఆనుకుని పట్టు ఇచ్చేవి ఆ రెండు వేళ్లే. వాటిని వదిలేసి ఊపి చూశాను, బంతి తగిలిన క్షణంలోనే బ్యాటు అరచేతిలో తిరిగిపోయింది. ఎడమచేతి బ్యాటర్‌కు కింది చేయి కుడిచేయి అవుతుంది. అంటే బ్యాటుకు పట్టు ఇవ్వాల్సిన రెండు వేళ్లే హరిమోటోకు లేనట్టు. అక్కడి నుంచి 504 హోమ్ రన్లు!

ఫీల్డింగ్‌లో అతను బలహీనుడని అప్పటి నుంచీ అంటారు. ఎడమ చేత్తో విసిరేవాడు గ్లవ్ తొడుక్కునేది కుడిచేతికి. ఆ చేత్తోనే గ్లవ్‌ను మూసి బంతిని బిగించి పట్టాలి. లెఫ్ట్ ఫీల్డ్‌లో అతను జారవిడిచిన క్యాచ్‌ల గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి కూడా చెబితే న్యాయంగా ఉంటుంది.

ఎల్బీ_గ్యాలరీ:
ఇది చదువుతుంటే మా హైదరాబాద్ వాళ్లకు పటౌడీ గుర్తుకు రాకుండా ఉండడు. 1961లో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదం, కుడికన్ను చూపు పోవడం, అయినా మరుసటి ఏడాదే 21 ఏళ్లకు భారత జట్టు కెప్టెన్ కావడం. తర్వాత ఏళ్ల తరబడి జైసింహా నాయకత్వంలో మన హైదరాబాద్ తరఫున రంజీ ఆడాడు. హరిమోటో మొదటి బ్యాటింగ్ టైటిల్ కూడా 1961లోనే. ఆసియాలో రెండు మూలల్లో, ఒకరి పేరు ఒకరికి తెలియకుండా, ఇద్దరు కుర్రాళ్లు ఉన్నదానితో ఆట మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు.

తేడా కూడా చెప్పాలి. పటౌడీ నవాబు. దెబ్బ తగిలేనాటికే పేరు, కుటుంబం అండ ఉన్నవాడు. హరిమోటోకు అలాంటివేమీ లేవు. కుటుంబ నేపథ్యం తెలిసినవారు రాస్తే బాగుంటుంది.

మోటోయసు_తీరం:
నేను రాస్తాను. ఈ విషయం మీద కొంతకాలంగా చదువుతున్నాను.

హరిమోటో తల్లిదండ్రులు కొరియా నుంచి హిరోషిమాకు వచ్చినవారు. అతని కొరియన్ పేరు చాంగ్ హున్. తండ్రి కొరియాకు వెళ్లి అక్కడే చనిపోయాడు. తల్లి పిల్లలతో హిరోషిమాలో మిగిలింది. 1945 ఆగస్టు 6న బాంబు పడినప్పుడు ఇతనికి ఐదేళ్లు. వాళ్ల ఇల్లు దన్‌బారా ప్రాంతంలో, హిజియామా అనే చిన్న కొండకు అవతలి పక్కన ఉండేది. బాంబు కాంతి, వేడి నేరుగా తగలకుండా ఆ కొండ అడ్డుపడింది. ఇల్లు కూలింది. తల్లి ఇతనినీ చిన్నక్కనూ తన ఒంటి కింద దాచుకుంది, గాజు పెంకులన్నీ ఆమె ఒంట్లో దిగాయి.

పెద్దక్క ఆ ఉదయం పని మీద బయటకు వెళ్లింది. ఒళ్లంతా కాలిన స్థితిలో దొరికింది. ఎక్కడో సంపాదించిన ద్రాక్షపండును ఆమె నోట్లో పిండానని హరిమోటో పెద్దయ్యాక చెప్పాడు. ఆమె బతకలేదు. ఆగస్టు 6ను క్యాలెండర్‌లో నుంచి తీసేస్తే బాగుండునని చాలా ఏళ్లు అనుకున్నానని కూడా చెప్పాడు. ఆడుతున్న కాలంలో ఈ కథ దాదాపుగా ఎవరికీ చెప్పలేదు. అరవై దాటాకే బడిపిల్లల ముందు, సభల్లో నోరు విప్పాడు.

యుద్ధం తర్వాత తల్లి రేకుల ఇంట్లో చిన్న తిండి కొట్టు నడిపింది. అన్న టాక్సీ నడిపి, ఆ సంపాదనలోంచి తమ్ముడిని ఒసాకాలోని నమిషో పాఠశాలకు పంపాడు. అది బేస్‌బాల్‌కు పేరున్న బడి. కానీ జట్టులో జరిగిన గొడవల వల్ల నిషేధం పడి, కోషియెన్ మైదానంలో జరిగే జాతీయ పాఠశాలల టోర్నీ ఆడే అవకాశం హరిమోటోకు దక్కనే లేదు. జపాన్‌లో కోషియెన్ ఆడకుండా వృత్తి లీగుకు వచ్చి ఇంత ఎదిగినవాళ్లు అరుదు.

ఇంకొక ఘట్టం ఉంది, నాకు అన్నిటికంటే ఇదే ముఖ్యం. టోయ్ ఫ్లయర్స్ జట్టులో చేరేటప్పుడు విదేశీ ఆటగాళ్ల పరిమితి అడ్డొచ్చింది. జపాన్ పౌరసత్వం తీసుకుంటే సరిపోతుందని యజమాని హిరోషి ఒకావా సలహా ఇచ్చాడు. కొడుకు వెళ్లి అడిగితే తల్లి ఒప్పుకోలేదు. దేశాన్ని అమ్ముకునేటట్లయితే బేస్‌బాల్ మానేసి వచ్చెయ్యమంది. హరిమోటో పలుమార్లు చెప్పిన విషయం ఇది. ఆ మాట విన్న ఒకావా, కుర్రాడి మీద ఒత్తిడి తేవడం మానేసి లీగు నిబంధన మార్పించడానికి పూనుకున్నాడు. ఆడినన్నాళ్లూ హరిమోటో కొరియా పౌరుడిగానే ఆడాడు. అప్పటి జపాన్‌లో చాలామంది కొరియన్ ఆటగాళ్లు తమ మూలాలను దాచుకుని ఆడేవారు, ఇతను దాచలేదు. స్టాండ్స్‌లోంచి ఎన్ని తిట్లు పడ్డాయో!

కొత్త_ప్రేక్షకుడు:
మోటోయసు_తీరం గారూ, చాలా థాంక్స్. ద్రాక్షపండు దగ్గర చదవడం ఆపేసి కాసేపు లేచి వెళ్లాల్సి వచ్చింది. ఒక సందేహం: టోయ్ అంటే డ్రాగన్ బాల్ యానిమేషన్ తీసిన టోయ్‌నా?

స్కోరుపుస్తకం:
అదే. టోయ్ సినిమా సంస్థకు అప్పట్లో సొంత బేస్‌బాల్ జట్టు ఉండేది, దాని యానిమేషన్ విభాగమే డ్రాగన్ బాల్ తీసింది. టోక్యోలోని కొమజావా మైదానం వాళ్ల తొలి నివాసం, దూకుడు స్వభావం వల్ల కొమజావా రౌడీలని పేరు పడింది. అదే జట్టు 1973లో నిట్టకు, 1974లో నిప్పన్ హామ్ చేతికి మారింది. ఒటానీ జపాన్‌లో ఆడిన ఫైటర్స్ ఇదే జట్టు.

హరిమోటో 1959లో చేరిన ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 1962లో మిజుహారా నాయకత్వంలో ఫ్లయర్స్ తొలిసారి పసిఫిక్ లీగ్ (జపాన్‌లోని రెండు వృత్తి లీగుల్లో ఒకటి) గెలిచి, రెండు లీగుల విజేతలు తలపడే జపాన్ సిరీస్‌లో హాన్‌షిన్ టైగర్స్‌ను ఓడించింది. ఆ ఏడాది లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం హరిమోటోదే. అప్పటికి 22 ఏళ్లు.

బ్యాటింగ్ శిక్షకుడు కెంజిరో మత్సుకి గురించి తప్పకుండా చెప్పాలి. జట్టులోకి వచ్చేనాటికి హరిమోటో మనసంతా హోమ్ రన్ల మీదే. మత్సుకి, బంతిని బలవంతంగా ఒకే వైపు లాగకుండా మైదానం నలుమూలలకూ నేలబారు దెబ్బలు కొట్టే పద్ధతి నేర్పాడు. లోపలికి వచ్చిన బంతిని కుడివైపుకు, బయటికి వెళ్లేదాన్ని ఎడమవైపుకు. ఫీల్డర్లకు ఎక్కడ నిలబడాలో తెలియకుండా పోయింది. ఆ తర్వాత హోమ్ రన్లు వాటంతట అవే వచ్చాయి.

సియాటిల్_వాన:
గౌరవంగానే విభేదిస్తున్నాను. ఇచిరో హిట్లు జపాన్‌లో 1,278, అమెరికాలో 3,089, కలిపితే 4,367. అందులో మూడు వేలకు పైగా ప్రపంచంలోని అత్యుత్తమ పిచర్ల మీద కొట్టినవి. 2004లో 262 హిట్లతో మేజర్ లీగ్ సీజన్ రికార్డు. 2025లో కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. బేస్ మీద వేగం, కుడి ఫీల్డ్‌లోంచి విసురు, వీటిలో హరిమోటో దగ్గరకు కూడా రాడు. అవుట్‌ఫీల్డర్ అన్నప్పుడు ఫీల్డింగ్ కూడా చూడాలి కదా?

ఒక ముచ్చట మాత్రం పంచుకుంటాను. 2009 సీజన్ మొదట్లో ఇచిరో కడుపులో పుండు వల్ల ఆటకు దూరమయ్యాడు. ఏప్రిల్ 15న తిరిగి వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే గ్రాండ్ స్లామ్ (మూడు బేసుల్లోనూ సహచరులు ఉండగా కొట్టే) హోమ్ రన్ కొట్టి 3,085 దగ్గర హరిమోటోను అందుకున్నాడు. మర్నాడు ఏంజెల్స్ పిచర్ జెరెడ్ వీవర్ బంతికి 3,086. అది చూడటానికి హరిమోటో జపాన్ నుంచి సియాటిల్ వచ్చి స్టాండ్స్‌లో కూర్చున్నాడు. తన రికార్డు దాటబోయే మనిషిని చూడటానికి 68 ఏళ్ల వయసులో సముద్రం దాటి రావడం నాకు చాలా నచ్చింది.

స్కోరుపుస్తకం:
సియాటిల్_వాన గారూ, ఫీల్డింగ్, విసురు విషయంలో మీతో వాదించను. నా పోటీ బ్యాటింగ్ వరకే.

అక్కడ కొన్ని లెక్కలు చూడండి. మేజర్ లీగ్ సీజన్‌కు 162 మ్యాచ్‌లు. హరిమోటో కాలంలో జపాన్ సీజన్ చాలావరకు 130 నుంచి 140 మధ్య ఉండేది. ఏడాదికి పాతిక ముప్ఫై మ్యాచ్‌లు తక్కువ ఆడి 3,085కు చేరాడు. 1970లో అతని సగటు 0.3834. అంతకు ముందు రికార్డు 1951లో ఇదే జట్టు పాత ఆటగాడు హిరోషి ఒషితాది, 0.3831. ఆ 0.3834 జపాన్ రికార్డుగా 1986 దాకా నిలిచింది, అప్పుడు హాన్‌షిన్ అమెరికన్ ర్యాండీ బాస్ 0.389 కొట్టాడు. పసిఫిక్ లీగ్ రికార్డుగా మాత్రం 1994 వరకు నిలిచింది. దాన్ని 0.385తో దాటింది ఎవరో మీకు తెలుసు, ఇచిరోనే.

ఇచిరో హోమ్ రన్లు రెండు దేశాల్లో కలిపి 235. హరిమోటోవి 504. సగటు, హోమ్ రన్లు, పరుగు వేగం మూడూ ఒకే చోట ఇంతగా కలిసిన బ్యాటర్ జపాన్‌లో మరొకరు లేరన్నదే నా మాట.

ముక్కుసూటి:
అందరూ పొగుడుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా రాయాలి. జపాన్‌లో ఈ తరం వాళ్లకు హరిమోటో అంటే బ్యాటర్ కాదు, ఆదివారం ఉదయం టీవీలో కూర్చుని కుర్రాళ్లను మందలించే పెద్దాయన. ఫుట్‌బాల్ ఆటగాడు కజుయోషి మియురాను రిటైర్ కమ్మన్నాడు. 2019లో పాఠశాల పిచర్ రోకి ససాకి చేతిని కాపాడటానికి కోచ్ ఫైనల్లో ఆడించకపోతే, ఆడించాల్సిందేనన్నాడు. పిచర్ యు దర్విష్ లాంటివాళ్లు బహిరంగంగా తప్పుపట్టారు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో మహిళా బాక్సర్ బంగారు పతకం గెలిచిన తర్వాత ఆడపిల్లలు కొట్టుకోవడం ఏమిటన్న ధోరణిలో మాట్లాడాడు. బాక్సింగ్ సమాఖ్య నిరసన తెలిపితే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర్లో కార్యక్రమం నుంచి తప్పుకున్నాడు. వివక్షను అంతగా అనుభవించిన మనిషి ఆ మాట అనడం నన్ను బాధపెట్టింది.

మోటోయసు_తీరం:
ముక్కుసూటి గారూ, ఆ బాక్సర్ మీద మాట తప్పే, ఏ వివరణా అక్కర్లేదు. ససాకి విషయంలో కూడా నేను కోచ్ పక్షమే.

కానీ ఒక మాట. ఒళ్లు గాయపడితే ఆగాలి అనే ఆలోచన హరిమోటోకు ఎవరు నేర్పారు? తన చేయి ఆ స్థితిలో ఉందని జట్టు సహచరులకు కూడా చూపించలేదు. ఒక్క తెత్సుహారు కవాకామికి చూపించానని అతనే చెప్పాడు. కవాకామి అంటే టోక్యో జట్టు జయింట్స్‌కు వరుసగా తొమ్మిది జపాన్ సిరీస్‌లు గెలిపించిన మేనేజర్, ఆటగాడిగా అయిదుసార్లు బ్యాటింగ్ టైటిల్ గెలిచినవాడు. ఆ చేయి చూసి, దీనితోనా ఇన్నాళ్లు కొట్టావు అని కన్నీళ్లు పెట్టుకున్నాడట. హరిమోటో టీవీ మాటలను తప్పుపడదాం. ఆ మాటలను చూసి 23 సీజన్ల ఆటను మర్చిపోవడం మాత్రం నాకు సమ్మతం కాదు.

1982లో కొరియాలో వృత్తి లీగు మొదలైనప్పుడు అక్కడికి వెళ్లి సలహాదారుగా పనిచేసిందీ ఇతనే. జపాన్‌లోని కొరియన్ ఆటగాళ్లు ఆ కొత్త లీగుకు వెళ్లేలా దారి చూపించాడు. ఆ పని గురించి జపాన్ టీవీలో ఎప్పుడూ పెద్దగా వినపడదు.

కవాసాకి_వాసి:
జయింట్స్ పేరు వచ్చింది కాబట్టి 1976 గురించి రాయకుండా ఉండలేను.

1975లో షిగేఓ నగషిమా మేనేజర్‌గా మొదటి ఏడాది, జయింట్స్ చరిత్రలో తొలిసారి లీగు అట్టడుగున నిలిచింది. ఆ చలికాలం ఇద్దరు ఆటగాళ్లను ఇచ్చి హరిమోటోను నిప్పన్ హామ్ నుంచి తెచ్చుకున్నారు. 1976లో బ్యాటింగ్ వరుసలో మూడో స్థానంలో హరిమోటో, నాలుగో స్థానంలో సదహారు ఓ. జయింట్స్ లీగు గెలిచింది, 1977లో మళ్లీ గెలిచింది. జపాన్ మొత్తం ఇళ్లలో టీవీల ముందు కూర్చుని చూసే జట్టు అది. ఆ జట్టు గుండెకాయ లాంటి మూడు, నాలుగు స్థానాల్లో ఆడిన ఇద్దరికీ జపాన్ పౌరసత్వం లేదు. హరిమోటోది కొరియా, ఓది తండ్రి వైపు నుంచి వచ్చిన చైనా రిపబ్లిక్ (తైవాన్) పౌరసత్వం. 1977 సెప్టెంబరు 3న ఓ 756వ హోమ్ రన్ కొట్టి అమెరికా హోమ్ రన్ రికార్డు ఉన్న హ్యాంక్ ఆరన్‌ను దాటినప్పుడు హరిమోటో ఆ జట్టులోనే ఉన్నాడు.

ఇక 1976 బ్యాటింగ్ టైటిల్. చునిచి డ్రాగన్స్ ఆటగాడు కెనిచి యజావా 496 సార్లు బ్యాటింగ్ చేసి 176 హిట్లు: 0.35483. హరిమోటో 513 సార్లకు 182 హిట్లు: 0.35477. మూడో అంకె దాకా ఇద్దరిదీ ఒకటే, నాలుగో అంకెలో పోయింది! సీజన్ మొత్తంలో ఇంకొక్క హిట్టు పడి ఉంటే 183, సగటు 0.3567, ఎనిమిదో టైటిల్ అతనిదే అయ్యేది. అవుట్‌ఫీల్డ్ వైపు కొట్టిన ఒక్క బంతి రెండడుగులు పక్కన పడి ఉంటే చాలు.

మూడు వేలో హిట్టు మా ఊళ్లోనే. 1980లో లోట్టె ఓరియన్స్‌కు మారాడు, వాళ్ల మైదానం కవాసాకి స్టేడియం. మే 28న హాన్‌క్యూ పిచర్ తకాషి యమగుచి బంతిని స్టాండ్స్‌లోకి పంపి మూడు వేలు పూర్తిచేశాడు. హోమ్ రన్‌తో! ఆ బేస్‌బాల్ స్టాండ్లు కూల్చేశారు, ఇప్పుడు అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నారు.

ఎల్బీ_గ్యాలరీ:
513, 182 అంకెలు నేనూ వేసి చూశాను, సరిగ్గా వచ్చాయి. క్రికెట్‌లో సగటు నాలుగో అంకె దాకా చూసే అవసరం ఎప్పుడూ రాలేదు మనకు. ఆ ఏడాది చివరి రోజుల్లో ఇద్దరూ ఎలా నిద్రపోయి ఉంటారో.

సియాటిల్_వాన:
బ్యాటింగ్ వరకే అయితే మీ వాదనకు చాలావరకు ఒప్పుకుంటాను స్కోరుపుస్తకం గారూ. ఎక్కువ బలం, ఎక్కువ కాలం హరిమోటోది. హిట్లు పుట్టించే విద్యలో మాత్రం ఇచిరోదే పైచేయి అంటాను. ఇది ఈ జన్మకు తేలేది కాదు.

కొత్త_ప్రేక్షకుడు:
ఆఖరి ప్రశ్న. ఈ 3,085 ను జపాన్ లీగుల్లో ఎప్పటికైనా ఎవరైనా దాటుతారా?

స్కోరుపుస్తకం:
నాకు నమ్మకం లేదు. ఇప్పుడు జపాన్ సీజన్ 143 మ్యాచ్‌లు. ఏడాదికి 150 హిట్లు కొట్టడం అగ్రశ్రేణి బ్యాటర్‌కే సాధ్యం, ఆ లెక్కన 3,085 దాటడానికి 21 సీజన్లు కావాలి, మధ్యలో గాయాలు ఉండకూడదు. 18 ఏళ్లకు వచ్చినవాడు 19కే జట్టులో స్థిరపడి, 39 వరకు అదే జోరు చూపాలి. జయింట్స్ ఆటగాడు హయాతో సకమోటో చిన్న వయసులోనే మొదలుపెట్టి 2,400 దాటాడు, అతన్ని చూసి కొన్నాళ్లు ఆశపడ్డాం, కానీ 35 దాటాక ఆడే మ్యాచ్‌లు తగ్గిపోయాయి. ఇంకా పెద్ద కారణం, అంత ప్రతిభ ఉన్న బ్యాటర్ 25, 26 ఏళ్లు రాగానే అమెరికా వెళ్లిపోతున్నాడు. ఇచిరో జపాన్‌లో ఆడింది తొమ్మిది సీజన్లే. ఒటానీ అయిదు. కాబట్టి ఆ పట్టికలో మొదటి గడిలో పేరు మన జీవితకాలంలో మారదు. అందుకే ఆ పేరు ఎవరిదో మనవాళ్లకు తెలియాలని ఈ చర్చ పెట్టాను. టోయ్ రోజుల మ్యాచ్‌ల వీడియోలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ జత చేయండి, ముఖ్యంగా 1970 సీజన్‌వి.